రేవుగొందికి పోయే బస్సు

పోశిబాబు కట్టిన ఊళ్ళో బస్సు కదలడం లేదు.

కదలడం లేదంటే బొత్తిగా ఆగిపోయిందని కాదు. కదులుతుంది, నిలబడిపోతుంది, ఉన్నట్టుండి ఒక గెంతు గెంతుతుంది. స్టీరింగ్ తిప్పితే తీరిగ్గా ఆలోచించుకుని, మలుపు దాటిపోయాక తిరుగుతుంది. ఆదివారం చూస్తే దగ్గరికొచ్చేసింది. వాడికి అన్నం సహించడం లేదు.

ఇదంతా కంప్యూటర్ ఆటలో సంగతి. బస్సు నడిపే ఆట ఒకటుంది. అందులో వాళ్ళిచ్చిన రోడ్లూ బస్సులూ కాకుండా మనం సొంతంగా తయారుచేసినవి కూడా అతికించుకోవచ్చు. అలా అతికించేవాటిని మోడ్‌లు అంటారు. అందరూ ఏ ఏసీ బస్సో, ఏ ఘాట్ రోడ్డో అతికించుకుని సంబరపడతారు. పోశిబాబు ఏకంగా తన ఊరినే అతికించాడు.

వాడి ఊరు రేవుగొంది. గోదావరి పక్కన, కొండ వారగా ఉండేది. ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ళ అడుగున ఉంది. జనానికి మెట్ట మీద కాలనీ కట్టిచ్చారు. ఇళ్ళన్నీ ఒకే కొలత, ఒకే రంగు. కొత్తలో ముసలాళ్ళు పొద్దున లేచి పక్కింటి తలుపు తట్టి, ఇది మనది కాదా అని అడిగేవారట.

ఏటా ఊరు ఖాళీచేసిన తేదీకి దగ్గరి ఆదివారం కాలనీ అంతా కలిసి వండుకుంటుంది. భోజనాలయ్యాక పాత ఊరి కబుర్లు మొదలవుతాయి. ఆ కబుర్లు ఎక్కడో ఒకచోట ఏడుపులోకి దిగుతాయి. ఈ ఏడు ఉత్త కబుర్లు కాదు, తెర కట్టి, బస్సెక్కించి, అందరినీ ఊళ్ళోకే తీసుకుపోతానని పోశిబాబు మాటిచ్చేశాడు.

మాటిచ్చి ఊరుకోలేదు. కాలనీలో గడప గడపకీ వెళ్ళి ఎవరికేం కావాలో అడిగాడు. ఒకరు రేవులో పడవలన్నారు. ఒకరు చావిడి గోడ మీద రాతలన్నారు. సోడా బండి అన్నారు, బడి గంట అన్నారు. సీతారత్నం మామ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"మా పెరట్లో ములగచెట్టు పెట్టరా అబ్బాయ్. నేను కాపురానికొచ్చిన ఏడు పాతిన కొమ్మ అది. ఊళ్ళో నా ములక్కాడ పడని పులుసు లేదు."

"పెట్టేస్తాను మామ్మా" అన్నాడు వాడు. పెట్టాడు కూడా. అప్పట్నుంచే వాడి తిప్పలు.

సినిమాలో లాగే ఆటలోనూ బొమ్మ వెంట బొమ్మ వస్తూ ఉంటేనే కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఆ బొమ్మల్ని ఫ్రేములంటారు. సెకనుకి అరవై వస్తే నీళ్ళు పారినట్టుంటుంది. ముప్పై వచ్చినా సర్దుకోవచ్చు. పోశిబాబు ఊళ్ళో ఏడు వస్తున్నాయి. తెర మూలన ఆ అంకె చూసీ చూసీ వాడికి దాని మీద కక్షే పుట్టింది.

ఉచిత సలహాలకి మన దగ్గర కరువు లేదు. నీడలు తగ్గించమన్నారు. లోపల దుమ్ము దులపమన్నారు. నేను సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నవాణ్ణి కాబట్టి పెద్దమనిషి తరహాగా "గ్రాఫిక్స్ కార్డు మార్చెయ్" అన్నాను. ఎవరు ఏ జబ్బు చెప్పినా మా వాళ్ళు చెప్పే మందు అదొక్కటే. వాడు పాపం అదీ అరువు తెచ్చి చూశాడు. ఏడు కాస్తా తొమ్మిదయింది.

చివరికి "అన్నా, మాస్టారి దగ్గరికి పోదామా?" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మేం మాస్టారి గుమ్మం తొక్కి చాలాకాలమైంది.

జిలానీ మాస్టారు బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒకప్పుడు గేమ్ సెంటర్ నడిపేవారు. అగ్గిపెట్టె లాంటి గది. బండరాళ్ళంత మానిటర్లు. కూలర్‌లోంచి తడిసిన గడ్డి వాసన. గుమ్మం బయట చెప్పుల గుట్ట, ఇంటికెళ్ళేటప్పుడు ఎవడి చెప్పు ఎవడి కాలికి వస్తుందో తెలియదు. కరెంటు పోతే గదంతా ఒక్క గొంతుతో "అబ్బా" అనేది. గెలిచినవాడు గోల చేస్తే మాస్టారు "నెమ్మది నాయనా, పక్కింట్లో చంటిపిల్లుంది" అనేవారు. ఆ చంటిపిల్ల పెరిగి పెద్దదై మా పక్కనే కూచుని మమ్మల్ని ఓడించింది కూడా. పోశిబాబు హాస్టల్లో ఉంటూ ఆదివారాలు అక్కడికి వచ్చేవాడు. మా అందరిలోకీ చిన్నవాడు, అందరికన్నా ఓపికమంతుడు.

మాస్టారు మాకు పాఠం అంటూ ఏదీ చెప్పలేదు. ఆట మొరాయిస్తే మా చేతుల్తోనే బాగుచేయించేవారు. "సగం తీసి చూడు" అనేవారు. అతికించినవాటిలో సగం తీసెయ్యాలి. ఆట నడిచిందా, దొంగ తీసినదాంట్లో ఉన్నాడు. నడవలేదా, మిగిలినదాంట్లో ఉన్నాడు. మళ్ళీ అందులో సగం. దొంగ దొరికేదాకా అంతే. ఇప్పటికీ షాపులో ఏ ఫోను విప్పినా నా చెవిలో ఆయన గొంతే వినిపిస్తుంది.

తర్వాత ఫోన్లొచ్చాయి, పిల్లలు రావడం మానేశారు, సెంటర్ మూతపడింది. ఫోన్లమ్ముకుని బతికేవాణ్ణి నేను ఈ మాట అనకూడదు గానీ, ఆ గది తలుచుకుంటే నాకు బెంగగానే ఉంటుంది.

మూసేశాక మాస్టారు ఇంట్లో కూచుని ఆట కోసం ఒక బస్సు తయారుచేశారు. అచ్చం పాత ఎర్రబస్సు. వాళ్ళ నాన్న మస్తాన్ గారు ఏజెన్సీ రూట్లలో డ్రైవరుగా చేసి పోయారు. ఆ బస్సు రేకు మీద సొట్టలు, సీటు చిరిగినచోట బయటికొచ్చిన కొబ్బరిపీచు, అన్నీ ఉన్నాయి అందులో. పోశిబాబు ఊరి పని మొదలుపెట్టినప్పుడు మాస్టారు ఆ బస్సు వాడికిచ్చి "మీ ఊరొచ్చిన బస్సేరా ఇది" అన్నారు. వాడు దాని ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకుని మురిసిపోయాడు.

కంప్యూటర్ డబ్బాని దుప్పట్లో చుట్టుకుని నా బైకు వెనక కూచున్నాడు పోశిబాబు. గతుకొచ్చినప్పుడల్లా "నెమ్మదన్నా" అని నా వీపు మీద గుద్దుతూనే ఉన్నాడు.

మాస్టారు సన్నబడ్డారు. గెడ్డం పూర్తిగా తెల్లబడింది. "రండిరా" అన్నారు, నిన్న సాయంత్రమే వచ్చి వెళ్ళినవాళ్ళతో అన్నట్టు. తిన్నామని మేం ఆడిన అబద్ధాన్ని నమ్మకుండా అన్నం పెట్టించారు. తర్వాత వైర్లు తగిలించి, పోశిబాబు పక్కన స్టూలు మీద కూచున్నారు.

"నడుపు."

పోశిబాబు బస్సు స్టార్ట్ చేశాడు. బస్సు కుంటుకుంటూ రేవుగొందిలోకి దిగింది. నేను మూలనున్న అంకెనే చూస్తున్నాను. మాస్టారు అటు చూడనే లేదు. ఊరిని చూస్తున్నారు.

"రేవులో పడవలేవిరా?"

"తీసేశానండి."

"చావిడి మీద రాతలు?"

"తీసేశానండి."

బస్సు ఇంకో గెంతు గెంతి మామ్మ ఇంటి ముందు నిలబడింది. పెరడు బోడిగా ఉంది.

"చెట్టు కూడానా?"

పోశిబాబు తల వంచుకున్నాడు. "ఆకులు బరువండి. ఒక్కో ఆకూ విడిగా గీయాలి కదండీ. మొట్టమొదట దాన్నే తీశాను. సగం తీసి చూడమనేవారు కదండీ మీరు. సగం తీశాను, కుదరలేదు. మిగతా సగమూ తీశాను. ఊరంతా ఊడ్చేసినా పన్నెండు దాటడం లేదండి." అని తెర మీద మామ్మ ఇంటిని చూపించాడు. "ఆదివారం మామ్మ ముందు వరసలో కూచుంటుందండి. చెట్టు పెట్టానని చెప్పేశాను."

మాస్టారు ఆ బోడి పెరడు వైపు చూశారు. తర్వాత "బస్సు దిగు" అన్నారు.

"ఆయ్?"

"ఆటలో కిందికి దిగి నడవొచ్చు కదా. దిగు."

పోశిబాబు చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.

"దిగరా."

వాడు మీట నొక్కాడు. తలుపు చప్పుడైంది. మట్టి రోడ్డు మీద అడుగులు పడ్డాయి. అంతే, ఊరు ఒక్కసారిగా మెత్తగా జరగడం మొదలుపెట్టింది. చావిడి వచ్చింది, రేవు వచ్చింది, కొండ పక్కకి తిరిగింది. ఎక్కడా ఒక్క గెంతు లేదు. అంకె అరవై దగ్గరికి వెళ్ళి కూచుంది.

"ఒరేయ్, తప్పు ఊరిది కాదురా!" అని నేను అరిచేశాను. పక్కింట్లో చంటిపిల్ల ఉందేమోనని కూడా చూసుకోలేదు. పోశిబాబు మొహంలో మాత్రం సంతోషం లేదు. దొంగ దొరికినందుకు కాకుండా, తానే దొరికిపోయినట్టు కూచున్నాడు.

"తీసినవన్నీ పెట్టు" అన్నారు మాస్టారు.

వాడు ఒక్కొక్కటీ తిరిగి పెట్టాడు. పడవలు రేవులోకి వచ్చాయి. చావిడి గోడ మీద అక్షరాలు వచ్చాయి. సోడా బండి, బడి గంట. ఆఖరున ములగచెట్టు. గాలికి ఆకు కదిలింది. అంకె కొంచెం జారి యాభై దగ్గర నిలబడింది. నడక చెదరలేదు.

"ఇప్పుడు ఎక్కు."

ఎక్కాడు. ఏడు.

వీధిలో ఎవరో కొత్తిమీర అమ్ముకుంటూ వెళ్ళారు. ఆ కేక సందు చివరికి వెళ్ళిపోయింది.

"నీకు ముందే తెలుసు" అన్నారు మాస్టారు.

"అనుమానం వచ్చిందండి."

"మరి బస్సు మార్చి చూడలేదే?"

"మీరిచ్చిందండి అది."

"అందుకేనా?"

పోశిబాబు తెర మీద వేలు పెట్టి చూపించాడు. "డ్రైవరు సీటు ముందు చిన్న గుండ్రటద్దం ఉంది కదండీ. ఓసారి దగ్గరికి జరిపి చూశాను. అందులో డ్రైవరు మొహం కనపడిందండి. సెంటర్లో మీ బల్ల మీద ఒక ఫోటో ఉండేది. ఆ మొహమేనండి."

నాకు ఆ సంగతి తెలియదు. ఇన్నాళ్ళూ ఆ బస్సు నేనూ నడిపాను, అద్దంలోకి ఎప్పుడూ చూడలేదు.

అప్పుడర్థమైంది నాకు జబ్బెక్కడుందో. మన అద్దంలో బొమ్మ దానంతటదే పడుతుంది. ఆటలో అలా కాదు. అద్దంలో కనపడే ఊరిని కంప్యూటర్ మళ్ళీ మొదట్నుంచీ గీయాలి. ఎన్ని అద్దాలుంటే అన్నిసార్లు గీయాలి. అందుకే చాలామంది అద్దాల్ని మసకగా చేసి సరిపెడతారు. మాస్టారికి ఆ సరిపెట్టడం చేతకాదు. కుడివైపు, ఎడమవైపు, ఫుట్‌బోర్డు కోసం ఒకటి, వెనక సీట్ల కోసం ఒకటి, ఆ గుండ్రటిది. ప్రతి అద్దంలోనూ బస్సు సొట్టలతో సహా, చెట్టు ఆకులతో సహా, వెనకనున్నదంతా కనపడాల్సిందే. అన్ని ఊళ్ళని ఒక్కసారే మోయలేక ఆ కంప్యూటర్ చతికిలపడింది.

"మా నాన్న అద్దం చూడకుండా బండి కదిపేవాడు కాదురా" అన్నారు మాస్టారు. "వెనకాల ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని. ఒక్కోసారి ఎవరూ రాకపోయినా ఆగేవాడు. వచ్చేవాళ్ళుంటారులే అనేవాడు. ఇంటికి రోజూ ఆలస్యమే. మా అమ్మ తిట్టేది." చిన్నగా నవ్వారు. అన్నేళ్ళలో ఆయన వాళ్ళ నాన్న గురించి మాతో మాట్లాడటం అదే మొదలు.

మౌస్ తన చేతిలోకి తీసుకున్నారు. కుడివైపు అద్దం తీసేశారు. దాని చట్రం నల్లగా మిగిలింది. ఎడమవైపుది తీసేశారు. ఫుట్‌బోర్డుది, సీట్లది. అంకె మెల్లిగా పైకి పాకింది.

గుండ్రటిది ఒక్కటే మిగిలింది.

"అది ఉంచేద్దామండి" అన్నాడు పోశిబాబు. "అరిచెయ్యంత కూడా లేదు."

"నడుపు" అన్నారు మాస్టారు, మౌస్ వాడికిచ్చి.

బస్సు బాగానే వెళ్ళింది. రేవు దాటింది, చావిడి దాటింది. మామ్మ ఇంటి మలుపు తిరిగి ములగచెట్టు ఎదురుగా రాగానే ఒక గెంతు, ఇంకో గెంతు. అంకె పడిపోయింది.

"ఆకులు తగ్గించేస్తానండి" అన్నాడు వాడు గబగబా. "సగం ఉంటే చాలు. మామ్మకి చూపు కూడా సరిగ్గా ఆనదు. తెలియదండి ఆవిడకి."

మాస్టారు వాడి మొహంలోకి చూశారు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. వాడు ఆ చూపుకి తట్టుకోలేక "తప్పండి" అన్నాడు.

ఆయన గుండ్రటద్దాన్ని దగ్గరికి జరిపారు. ఖాకీ చొక్కా కాలరు, పలచటి మీసం, అలిసిపోయినా నవ్వుతున్న కళ్ళు. ఆ కళ్ళు చేయడానికి ఎన్నాళ్ళు పట్టి ఉంటుందో ఆ పని తెలిసినవాణ్ణి కనక నాకు తెలుసు. మాస్టారు చూస్తూ కూచున్నారు.

"వద్దు మాస్టారూ" అన్నాడు పోశిబాబు. "మీ నాన్నగారండి."

"మా నాన్న డ్రైవర్రా" అన్నారు మాస్టారు. "ప్యాసింజర్లని దించేసి బండి తోలేవాడు కాదు."

తీసేశారు.

ఆదివారం మాస్టారిని కూడా తీసుకెళ్ళాం. కాలనీ హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. గోడకి తెల్ల పంచె బిగించి, అరువు తెచ్చిన ప్రొజెక్టర్ పెట్టారు. వెనకాల పులిహోర వాసన, పిల్లల ఏడుపులు, "నా చాప ఎవరు లాక్కున్నారే" అని ఒక తగువు. పోశిబాబు అందరికన్నా ముందు, తెరకి ఎదురుగా కంప్యూటర్ పెట్టుకుని కూచున్నాడు. వాడి వెనక మొదటి వరసలో సీతారత్నం మామ్మ. మాస్టారు ఎంత చెప్పినా ముందుకి రాలేదు. వెనక తలుపు దగ్గర కుర్చీ వేయించుకున్నారు.

ఇంజన్ చప్పుడు వినపడగానే హాలు సద్దుమణిగింది. పాత ఎర్రబస్సు కొండ పక్కనుంచి తిరిగింది. కింద గోదావరి కనపడింది.

"రేవు! రేవు!" అన్నారెవరో.

"మా పడవే అది! చూడు, చివర విరిగుంది!"

"గోడ మీద రాతలు కూడా పెట్టాడ్రా, వెధవ!"

తిట్టినాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నెమ్మదిగా పోనియ్యమని ఒకరు, ఆపమని ఒకరు, మా ఇల్లు దాటిపోయిందని ఇంకొకరు. బడి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే పిల్లలు గంట కొట్టినట్టు నోటితో చప్పుడు చేశారు. ఆ పిల్లల్లో చాలామంది ఆ బడిని చూడనైనా లేదు. పెద్దవాళ్ళ నోట విని నేర్చుకున్నారు. బస్సు మాత్రం ఎక్కడా తొట్రుపడకుండా, ఊరి రోడ్డంతా తనదే అన్నట్టు సాఫీగా సాగింది.

మామ్మ ఇంటి మలుపు తిరిగింది. పెరట్లోంచి ములగచెట్టు పైకి లేచింది. తెల్లటి పూత, సన్నటి కాయలు, గాలికి ఊగే ఆకు. ఒక్క ఆకు తగ్గలేదు.

మామ్మ కళ్ళద్దాలు తీసి, చీరకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. హాలంతా ఆవిడ ఏమంటుందోనని చూస్తోంది.

"కాసిందర్రా" అంది మెల్లిగా. తర్వాత వెనక్కి తిరిగి, చుట్టుపక్కల వాళ్ళందరినీ చూస్తూ కొంచెం గట్టిగా అంది. "కోసుకెళ్ళండర్రా, ముదిరిపోతాయి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. ఒకరిని చూసి ఒకరు, హాలంతా ఏడ్చింది. నాకు దాచుకోవడానికి ఏమీ లేదు, నేనూ ఏడ్చాను.

పోశిబాబుకి వెనకనుంచి ఆ ఏడుపు వినపడుతోంది. డ్రైవరు అలవాటు కొద్దీ వాడి చూపు అద్దం మీదికి పోయింది. అక్కడ నల్లటి చట్రం తప్ప ఏమీ లేదు. వాడు ఉండబట్టలేక సీట్లోనే వెనక్కి తిరిగాడు. మామ్మని చూశాడు, వాళ్ళమ్మని చూశాడు, అందరినీ దాటుకుని తలుపు దగ్గర కూచున్న మాస్టారిని చూశాడు. వాడి కళ్ళు నిండిపోయాయి. తెర మీద బస్సు రోడ్డు దిగి దడి వైపు జరుగుతోంది.

"ఒరేయ్ ఒరేయ్!" అన్నారు జనం.

వెనకనుంచి మాస్టారి గొంతు, సెంటర్ రోజుల్లో లాగే నెమ్మదిగా వినపడింది.

"ఎదురుగా ఊరుంది నాయనా. చూసుకుని నడుపు."